ఇంటిపేరు ఒకటే, పొయ్యిలు వేరు: డొమైన్లన్నీ సబ్‌డొమైన్ల కింద కలిపితే గూగుల్‌లో ఏమవుతుంది?

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ట్రావెల్స్ నడిపే ఒక కుటుంబం కిందటేడాది నన్ను పిలిపించింది. పెద్దాయన రెండు అంబాసిడర్ కార్లతో మొదలుపెట్టిన వ్యాపారం అది. ఇప్పుడు పెద్దబ్బాయి కార్ల అద్దె చూస్తాడు. చిన్నబ్బాయి అరకు, బొర్రా గుహల ప్యాకేజీలు చూస్తాడు. రుషికొండ దగ్గర ఒక గెస్ట్‌హౌస్ ఉంది. పెద్దకోడలు అరకు కాఫీ పొడి ఆన్‌లైన్లో అమ్ముతుంది. ఏ పని మొదలుపెడితే ఆ పనికో డొమైన్, అంటే వెబ్‌సైట్ పేరు, కొంటూ వచ్చారు. అరకు ప్యాకేజీలకైతే రెండు కొన్నారు, ఒకదాని పేరులో వైజాగ్ అని, ఇంకోదాని పేరులో విశాఖపట్నం అని. ట్రావెల్స్ పేరుతో ఉన్న అసలు డొమైన్‌తో కలిపి మొత్తం ఐదు.

పెద్దబ్బాయి అడిగిన ప్రశ్న ఇది: "అన్నిటినీ నాన్నగారి ట్రావెల్స్ డొమైన్ కింద సబ్‌డొమైన్లుగా పెట్టేస్తే ఐదింటి బలం ఒకచోటికి చేరుతుందటండీ. అప్పుడు గూగుల్‌లో పైకొస్తామా?"

సబ్‌డొమైన్ అంటే అసలు పేరుకు ముందు ఇంకో పేరు చేర్చిన చిరునామా. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఇందులో మూడు వేరు వేరు మార్పులు ముడిపడి ఉన్నాయి. చిరునామా మారుతుంది. సైటు నిర్మాణం మారుతుంది. చాలాసార్లు పేజీల్లో రాసింది కూడా మారుతుంది. మూడూ ఒకే రాత్రి చేసేసి, నెల తర్వాత ర్యాంక్ పడిపోతే "సబ్‌డొమైన్ వల్లే" అంటారు. లేస్తే "సబ్‌డొమైన్ మహిమ" అంటారు. రెండింట్లోనూ అసలు కారణం పక్కనే ఎక్కడో ఉంటుంది. అందుకే మూడింటినీ విడదీసి చూద్దాం.

ముందు చిరునామా సంగతి. పాత డొమైన్‌లోని పేజీని ఎవరైనా తెరిస్తే వాళ్లను కొత్త పేజీకి పంపించడాన్ని రీడైరెక్ట్ అంటారు. శాశ్వతంగా మారామని చెప్పేది 301, తాత్కాలికమని చెప్పేది 302. గూగుల్ పుట్టుకకు మూలమైన పేజ్‌ర్యాంక్ ఆలోచన 1998 నాటిది. ఇతర సైట్లు ఒక పేజీకి ఇచ్చే లింకులను ఆ పేజీకి పడిన ఓట్లలా లెక్కగట్టడం దాని సారం. రీడైరెక్ట్ చేస్తే ఆ ఓట్లలో కొంత దారిలో కారిపోతుందని చాలాకాలం నమ్మేవాళ్లు. 2016లో గూగుల్‌కు చెందిన గ్యారీ ఇల్యెస్, ఇలాంటి రీడైరెక్ట్‌ల వల్ల పేజ్‌ర్యాంక్ ఇక తగ్గదని చెప్పారు. కాబట్టి చిరునామా మారినంత మాత్రాన నష్టం రావాల్సిన పని లేదు.

ఇక్కడ జనం పట్టించుకోని మాట ఒకటుంది. చేరేది డొమైన్ బలం అని మనం అంటాం గానీ, నిజానికి చేరేది ఒక్కో పేజీకున్న పేరు. అరకు రెండు రోజుల ప్యాకేజీ పేజీకి ఎవరో లింక్ ఇచ్చారంటే ఆ లింక్ ఆ పేజీది. అది కొత్త సైటులోని అరకు రెండు రోజుల ప్యాకేజీ పేజీకే వెళ్లాలి. హోమ్‌పేజీకి పంపితే గూగుల్ దాన్ని "ఇక్కడ అడిగింది లేదు" అనే కిందే లెక్కవేస్తుంది. సాఫ్ట్ 404 అనేది దీన్నే. ఓట్లు పోతాయి, ఆ పేజీ ర్యాంకూ పోతుంది.

ఇది నేను కళ్లారా చూశాను. మా ఊళ్లోనే ఇంకో వ్యాపారి సైటును అతని టెక్నీషియన్ నవంబరులో మార్చాడు. పాత పేజీలన్నీ ఒక్క లైనుతో కొత్త హోమ్‌పేజీకి మళ్లించాడు. అరకు చలికి జనం ఎగబడే సీజన్ అది. సంక్రాంతి దాకా ఆ మనిషికి ఫోన్లు లేవు. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టలేదని నాతో చెప్పుకున్నాడు. పాత పేజీల జాబితా ఎవరూ దాచిపెట్టలేదు కాబట్టి సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో యజమానికి చూపించే సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ సాధనంలో మిగిలిన వివరాల నుంచి ఒక్కో చిరునామా ఏరి, దేనికి ఏది జోడో కూర్చుని కలిపాం. ఆ పనిని మొదటే చేసి ఉంటే ఒక్క పూట పట్టేది.

ఇక నిర్మాణం సంగతి. అసలు పేరుకు ముందు ఇంకో పేరు చేర్చి చుక్క పెడితే అది సబ్‌డొమైన్. అసలు పేరు తర్వాత ఏటవాలు గీత పెట్టి చేర్చితే అది ఫోల్డర్. చూడటానికి చిన్న తేడా. కానీ ఫోల్డర్ అంటే ఒకే ఇంట్లో ఇంకో గది. సబ్‌డొమైన్ అంటే అదే ఆవరణలో వేరు పొయ్యి పెట్టుకున్న తమ్ముడి కాపురం. ఇంటిపేరు ఒకటే, వంట మాత్రం ఎవరిది వాళ్లదే.

ఇది మాటవరసకు చెప్పేది కాదు, సాంకేతికంగానూ అంతే. పేజీలు చదివిపోయే గూగుల్ ప్రోగ్రాముకు, అంటే రోబోకు, ఎక్కడికి రావాలో ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు ఒక్కో సబ్‌డొమైన్‌కు విడిగా ఉంటుంది. గూగుల్ ఫలితాల్లో లింక్ పైన కనిపించే సైటు పేరు కూడా డొమైన్‌కో సబ్‌డొమైన్‌కో ఉంటుంది గానీ ఫోల్డర్‌కు ఉండదు. సబ్‌డొమైన్లను వేరు వేరు సర్వర్లలో, వేరు వేరు సాఫ్ట్‌వేర్లతో నడపొచ్చు.

మన జిల్లా సైటే చూడండి. ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ముందు విశాఖపట్నం అని చేర్చితే అది మన జిల్లాది. 2022 ఏప్రిల్ 4న జిల్లాను విడదీసి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పరిచాక అనకాపల్లి తన పేరుతో విడిగా సబ్‌డొమైన్ పెట్టుకుంది. చివర ఉన్న ప్రభుత్వ పేరు చూసి మనిషికి నమ్మకం కుదురుతుంది. అంతమాత్రాన అనకాపల్లి సైటు విశాఖ సైటులోని పేజీలకు వారసురాలు కాదు. ఎవరి నోటిఫికేషన్లు వాళ్లవి, ఎవరి అధికారుల జాబితా వాళ్లది. తెలుగు వికీపీడియా కూడా అంతే. వికీపీడియా డాట్ ఆర్గ్ ముందు తెలుగును సూచించే టీఈ అక్షరాలు చేర్చిన సబ్‌డొమైన్ మీద 2003 నుంచి నడుస్తోంది. ఇంగ్లీషు వికీపీడియాలో ఎన్ని లక్షల వ్యాసాలున్నా తెలుగులో ఎవరూ రాయని వ్యాసం తెలుగులో కనపడదు. వేరు వేరు బృందాలు, వేరు వేరు విషయాలు ఉన్నచోట సబ్‌డొమైన్ ఎంత చక్కగా కుదురుతుందో ఈ రెండూ చూపిస్తాయి.

మరి గూగుల్ ఏమంటోంది? 2012లో గూగుల్ ఇంజనీరు మ్యాట్ కట్స్, సబ్‌డొమైనూ ఫోల్డరూ దాదాపు సమానమేనని, మీకు ఏది సులువైతే అది పెట్టుకోమని చెప్పారు. 2017లో గూగుల్‌కే చెందిన జాన్ ముల్లర్ కూడా ఏదైనా ఫరవాలేదన్నారు. సబ్‌డొమైన్లను విడివిడిగా ఎలా చదవాలో గూగుల్ నేర్చుకోవాల్సి ఉంటుందని, అది మొదటి కొద్ది రోజుల లాంఛనమేనని కూడా చేర్చారు. సైట్లను గూగుల్‌లో పైకి తెచ్చే పని చేసేవాళ్లలో చాలామంది మాత్రం ఒప్పుకోరు. సబ్‌డొమైన్‌ను ఫోల్డర్‌లోకి తెచ్చాక ర్యాంక్ మెరుగైందని తమ అనుభవాలు చెబుతారు.

నా దృష్టిలో రెండు మాటలూ నిజమే. గూగుల్ సబ్‌డొమైన్‌ను శిక్షించదు. కానీ వేరు పొయ్యి పెట్టుకున్నాక రాకపోకలు తగ్గుతాయి కదా! ఫోల్డర్‌లో ఉన్న పేజీ సైటు మెనూలో ఉంటుంది, పక్క పేజీల నుంచి లింకులు వస్తాయి, ఒకే డిజైన్, ఒకే సైట్‌మ్యాప్ (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా). సబ్‌డొమైన్‌కు వెళ్లేసరికి మెనూ మారిపోతుంది, ఒక దాని నుంచి ఇంకోదానికి లింక్ ఇవ్వడం ఎవరికీ గుర్తుండదు. ఆ లింకులు లేకపోవడం వల్ల వచ్చే లోటును మనం చుక్క ఖాతాలో వేస్తున్నాం. గుర్తుపెట్టుకుని ఆ లింకులు ఇచ్చుకుంటే తేడా చాలావరకు పోతుంది. ఎంతమంది ఇస్తారన్నదే ప్రశ్న.

"డొమైన్ అథారిటీ" స్కోరు చూపించి అన్నీ కలిపితే ఇంతవుతుందని ఎవరైనా అంటే, అది మోజ్ అనే సంస్థ తన లెక్కతో తయారుచేసిన అంకె అని, గూగుల్ దాన్ని వాడదని తెలుసుకోండి. ఆ అంకెలను కూడికలా కలపడం కుదరదు.

కలపడం వల్ల ఖాయంగా మారేది ఇంకొకటి ఉంది. దీన్ని ముందుగా చెప్పేవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. 2007 ప్రాంతం దాకా ఒక వెతుకులాటకు ఒక్కో సబ్‌డొమైన్ నుంచి రెండేసి ఫలితాలు రాగలిగేవి. కొందరు దాన్ని ఆసరాగా చేసుకుని సబ్‌డొమైన్లు గుట్టలుగా పెట్టి మొదటి పేజీ అంతా ఆక్రమించేవాళ్లు. ఆ దారిని గూగుల్ అప్పుడే ఇరుకు చేసింది. 2019 జూన్‌లో ఇంకా స్పష్టంగా చెప్పింది: మొదటి ఫలితాల్లో ఒకే సైటు నుంచి సాధారణంగా రెండుకు మించి చూపం, సబ్‌డొమైన్లను మామూలుగా అసలు డొమైన్‌లో భాగంగానే లెక్కపెడతాం అని. అంటే ఈ ట్రావెల్స్ కుటుంబానికి "వైజాగ్ నుంచి అరకు కారు" అని వెతికినప్పుడు ట్రావెల్స్ డొమైన్, రెండు అరకు డొమైన్లు మూడూ మొదటి పేజీలో వస్తుంటే, వాటిని ఒక పేరు కిందికి తెచ్చాక మూడో చోటు పోవచ్చు. ఏ పేజీ బలమూ తగ్గలేదు, అయినా క్లిక్కులు తగ్గుతాయి. అప్పుడు కంగారుపడి మళ్లీ విడదీయడం కన్నా ఇలా జరగొచ్చని ముందే తెలిసి ఉండటం మేలు.

ర్యాంకుల దగ్గర సబ్‌డొమైన్‌ను ఇంటిపేరుతో కలిపి లెక్కపెట్టి, రోబో దగ్గర వేరుగా చూడటం కొందరికి అన్యాయంగా అనిపిస్తుంది. బ్లాగులు ఇచ్చే సంస్థల సబ్‌డొమైన్లు గుర్తుచేసుకుంటే కారణం అర్థమవుతుంది. అక్కడ ఒకే పేరు కింద లక్షల మంది సంబంధం లేని మనుషులు ఉంటారు. మరోచోట ఒకే కంపెనీ తన దుకాణాన్ని, సహాయ పేజీలను విడిగా పెట్టుకుంటుంది. గూగుల్‌కు చుక్కను చూసి ఏది ఏదో తెలియదు, లోపలి విషయాన్ని చూసి తేల్చుకోవాలి. మిగతా సైటుకు బొత్తిగా సంబంధం లేని భాగం ఉంటే దాన్ని విడి సైటులా చూసే పద్ధతులు తమకున్నాయని 2024లో గూగుల్ చెప్పింది. సబ్‌డొమైన్లో ఉన్నా ఫోల్డర్లో ఉన్నా ఇది వర్తిస్తుంది. కాబట్టి ట్రావెల్స్ పేరు కింద కాఫీ పొడి పెడితే ట్రావెల్స్ పరపతితో కాఫీ పొడి పైకి వస్తుందనుకోవడం అత్యాశ.

ఇప్పుడు మూడోది, రాసిన విషయం. ఈ ట్రావెల్స్ కుటుంబం కథలో అసలైన లాభం ఇక్కడే దొరికింది. మన ఊరికి పేర్లు ఎక్కువ. విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, రైల్వేవాళ్ల నోట్లో వాల్తేరు. అందుకే వైజాగ్ పేరుతో ఒకటి, విశాఖపట్నం పేరుతో ఒకటి డొమైన్ తీసుకుని, ఊరి పేరు మార్చి అవే ప్యాకేజీలు, అవే ధరలు, అవే ఫొటోలు రెండింట్లోనూ పెట్టడం ఇక్కడ మామూలు. డొమైన్ పేరులో వెతికే మాట ఉంటే చాలు పైకొచ్చే రోజులు ఒకప్పుడు ఉండేవి. నాణ్యత లేని అలాంటి సైట్లను కిందికి దించే మార్పు గూగుల్ 2012 సెప్టెంబరులోనే తెచ్చింది. ఊరికో పేజీ, పేరుకో డొమైన్ పెట్టి అందర్నీ ఒకే చోటికి తోలే పద్ధతిని డోర్‌వే అంటూ తన నిబంధనల్లో తప్పుగా రాసుకుంది. వైజాగ్ అన్నా విశాఖపట్నం అన్నా ఒకే ఊరని గూగుల్‌కు తెలుసు.

ఈ రెండింటినీ రెండు సబ్‌డొమైన్లుగా మార్చి ఉంటే పాత జబ్బును కొత్త ఇంటికి మోసుకెళ్లినట్టే. ఓట్లు రెండుగా చీలినవి చీలినట్టే ఉంటాయి, రెండు పేజీలూ ఒకదానితో ఒకటి పోటీపడుతూనే ఉంటాయి. అందుకని రెండు అరకు సైట్లలోని ఒకే రకం పేజీలను పక్కపక్కన పెట్టుకుని, మంచి మాటలు రెండింట్లోంచీ తీసుకుని ట్రావెల్స్ డొమైన్ కిందే ఒక ఫోల్డర్‌లో ఒక్కో పేజీ రాశాం. రెండు పాత పేజీల నుంచీ 301 ఆ ఒక్క పేజీకే ఇచ్చాం. కలపడం అన్న మాటకు అర్థం ఉంటే అది ఇదే. రెండు బలహీన పేజీలు ఒక గట్టి పేజీ అయితే ర్యాంక్ లేవడానికి ఆస్కారం ఉంటుంది. పేజీలు కలవకుండా డొమైన్లు మాత్రమే కలిస్తే పైకి లాగే శక్తి ఎక్కడి నుంచీ రాదు.

కాఫీ పొడి దుకాణాన్ని మాత్రం సబ్‌డొమైన్‌గా పెట్టాం. దానికి రెండు కారణాలు. డబ్బు కట్టించుకునే దుకాణం సాఫ్ట్‌వేర్ వేరే సర్వర్ మీద నడుస్తుంది, దాన్ని ఫోల్డర్‌లో ఇమడ్చడం ఖర్చుతో కూడిన పని. కొనేవాళ్లూ వేరు, హైదరాబాద్, బెంగళూరుల నుంచి కాఫీ కోసం వెతికేవాళ్లు వాళ్లు. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలియజేసే సాధనం డొమైన్ నుంచి డొమైన్‌కు గానీ సబ్‌డొమైన్‌కు గానీ మారితేనే పనిచేస్తుంది, ఫోల్డర్‌కు మారితే పనిచేయదు. మారుతున్నామని గూగుల్‌కు నేరుగా చెప్పుకునే అవకాశం సబ్‌డొమైన్‌కు ఉంది. ఫోల్డర్‌కు వెళ్లేవాళ్లు రీడైరెక్ట్‌లనూ సైట్‌మ్యాప్‌నూ నమ్ముకోవాలి.

గెస్ట్‌హౌస్ డొమైన్‌ను కదపలేదు. పర్యాటకులు దాని పేరుతోనే వెతుకుతారు, బుకింగ్ సైట్లన్నీ ఆ చిరునామాకే లింక్ ఇచ్చాయి, ర్యాంక్ బాగుంది. "మరి దాన్నెందుకు వదిలేశారండీ?" అని చిన్నబ్బాయి అడిగాడు. ఏ మార్పుకైనా కొన్ని వారాల ఊగిసలాట తప్పదు బాబూ, ఎదురుగా లాభం లేనప్పుడు ఆ ఊగిసలాట ఎందుకు కొనితెచ్చుకోవాలి అన్నాను.

ఆ ఊగిసలాట గురించి కొంచెం. మధ్యరకం సైటులో ఎక్కువ పేజీలు కొత్త చిరునామాతో కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని గూగులే చెబుతుంది. ఈ వారాల్లో పాతవీ కొత్తవీ కలిసి కనిపిస్తాయి, ర్యాంకులు పైకీ కిందికీ ఆడతాయి. అందుకే మార్పును జూలైలో, వానల్లో అరకు బుకింగులు పలచబడినప్పుడు పెట్టుకున్నాం. రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టలేదు. ముందు రెండు అరకు సైట్లు కలిపాం, అవి కుదుటపడ్డాక కాఫీ మార్చాం. ఏది దేనివల్ల జరిగిందో తెలియాలంటే అదొక్కటే దారి. ఫలితాన్ని ముందు నెలతో పోల్చకుండా కిందటేడాది అదే నెలతో పోల్చాం. సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల వివరాలే ఉంటాయి కాబట్టి, మొదలుపెట్టే ముందే పాత సైట్లన్నిటి లెక్కలూ దించి పెట్టుకున్నాం. 2019లో అందులో వచ్చిన డొమైన్ ప్రాపర్టీ అనే ఏర్పాటు పెట్టుకుంటే సబ్‌డొమైన్లన్నీ ఒకే చోట కనిపిస్తాయి, విడివిడిగా చూసుకునే శ్రమ తప్పుతుంది.

చిన్నవిగా కనిపించి కొంప ముంచే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. కొత్త సబ్‌డొమైన్‌ను తయారుచేసేటప్పుడు గూగుల్ రాకుండా రోబోట్స్ ఫైలులో అడ్డుకట్ట వేస్తారు, తెరిచిన రోజు దాన్ని తీయడం మర్చిపోతారు. కొందరు తెలివిగా చేస్తున్నామనుకుని పాత డొమైన్‌కు అడ్డుకట్ట వేస్తారు. అలా చేస్తే గూగుల్ పాత పేజీ తలుపే తట్టదు, అక్కడ పెట్టిన రీడైరెక్ట్ దానికి తెలియనే తెలియదు. ఒక రీడైరెక్ట్ మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి పేర్చడమూ మంచిది కాదు. గూగుల్ పది మజిలీల దాకా వెంట వస్తుంది గానీ నేరుగా గమ్యానికి పంపమనే చెబుతుంది. మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్‌లో వెబ్‌సైట్ చిరునామా చేత్తో మార్చుకోవాలి. ఆ మ్యాప్ ఫలితాల్లో వెతికినదానికి ఎంత సరిపోతున్నామో, ఎంత దూరంలో ఉన్నామో, ఎంత పేరుందో చూస్తారు. డొమైన్లు కలిపితే దూరం మారదు కదా. గాజువాకలో ఉన్నవాళ్లకు గాజువాక ట్రావెల్స్ ముందు కనిపిస్తుంటే దానికీ సబ్‌డొమైన్‌కూ సంబంధం లేదు.

పాత డొమైన్ల గడువు విషయంలో మాత్రం నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. కలిపేశాం కాబట్టి రెన్యూవల్ డబ్బు మిగిలిందనుకుంటారు. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాదైనా ఉంచమని గూగుల్ చెబుతుంది. చిరునామా మార్పు సాధనం ప్రభావం 180 రోజులే, ఆ తర్వాత పాత సైటుకూ కొత్త సైటుకూ ఉన్న బంధాన్ని అది గుర్తుపెట్టుకోదు. డొమైన్ వదిలేస్తే రీడైరెక్ట్ చచ్చిపోతుంది, దాని మీదుగా వచ్చే లింకులన్నీ పోతాయి. పైగా వేరేవాళ్లు ఆ పేరు కొనుక్కుని పాత పరపతి మీద చెత్త పేజీలు పెట్టొచ్చు. ఇలాంటి దుర్వినియోగం ఎంత పెరిగిందంటే 2024 మార్చిలో గూగుల్ దాని కోసమే ఒక నిబంధన పెట్టింది. నిబంధన ఉన్నా, మీ ఇంటిపేరుతో ఇంకెవడో జూదం సైటు నడిపితే చెడ్డపేరు మీకే.

వాళ్లింట్లో ఆరోజు లెక్క వేస్తుంటే రెండు అరకు డొమైన్లకు ఏడాదేడాది కట్టుకుందామని అనుకున్నారు. కాఫీ డొమైన్ దగ్గరకొచ్చేసరికి పెద్దకోడలు లోపలికి వెళ్లి ఒక ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. వెనకవైపు పాత చిరునామా అచ్చయి ఉంది. ఇంకా గోడౌన్‌లో ఉన్న కవర్లన్నిటి మీదా అదే ఉంది, అమ్ముడైపోయినవి ఏ ఊళ్లో ఏ వంటింటి అలమారలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆ డొమైన్‌కు అయిదేళ్ల డబ్బు ఆ పూటే కట్టేశారు.